లెక్కలో ఇచ్చింది సరిపోతుందా? బీజగణితం పద సమస్యలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెబుతాను. పద సమస్యలు మొదలైన దగ్గర్నుంచి పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఎక్కువగా అడిగేది ఒకటే: "ఈ లెక్కకి ఇచ్చిన సమాచారం సరిపోతుందా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇందులోని ధరలు, టికెట్లు లెక్క కోసం వేసుకున్నవే, బయటి రేట్లు కావు.

సమాచారం చాలని లెక్క ఎలా ఉంటుంది?

ఫిషింగ్ హార్బర్‌లో ఒకాయన రొయ్యలు కిలో 400 చొప్పున, చందువలు కిలో 600 చొప్పున కొని మొత్తం 2,600 రూపాయలు ఇచ్చాడు. ఏవి ఎన్ని కిలోలు కొన్నాడు?

రొయ్యలు ర కిలోలు, చందువలు చ కిలోలు అనుకుందాం. 400ర + 600చ = 2,600. రెండు వైపులా 200తో భాగిస్తే 2ర + 3చ = 13. ఇక ముందుకు దారి లేదు. ర = 5, చ = 1 సరిపోతుంది. ర = 2, చ = 3 కూడా సరిపోతుంది. తూకం సరుకు కాబట్టి అరకిలోలూ కుదురుతాయి: ర = 3.5, చ = 2 వేసి చూడండి, అదీ సరిపోతుంది. ఇలా ఎన్నయినా రాయొచ్చు.

ఇప్పుడు "మొత్తం 5 కిలోలు" అనే ముక్క చేర్చండి. రొయ్యలు 2, చందువలు 3 అని తేలిపోతుంది. దాని బదులు "అన్నీ పూర్తి కిలోలే, రొయ్యలే ఎక్కువ" అని చేరిస్తే జవాబు 5, 1 అవుతుంది. చేర్చిన ముక్కని బట్టి జవాబే మారిపోయింది చూశారా! అందుకే లేని ముక్కని మనమే ఊహించుకుని నింపేసి, వచ్చినదాన్ని జవాబని రాయకూడదు.

మా అబ్బాయి ఏ లెక్క రాకపోయినా "ఇందులో డేటా లేదు నాన్నా" అంటున్నాడు. నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?

మీకు లెక్కలు రాకపోయినా తెలుసుకోవచ్చు. "అయితే లెక్కలో చెప్పినవన్నీ సరిపోయేలా రెండు వేర్వేరు జవాబులు చూపించు" అని అడగండి. రెండు చూపించాడంటే వాడి మాట నిజం. చూపించలేకపోతే వాడు లెక్కని ఇంకా పూర్తిగా చూడలేదనే అర్థం.

"సమాచారం చాలదు" అనేది కూడా ఒక జవాబే. మామూలు జవాబుకి ఎలా నిరూపణ కావాలో దీనికీ అలాగే కావాలి. నేను పిల్లలకి అన్నిటికంటే ఎక్కువ సార్లు చెప్పేది ఇదే. మా దగ్గర ఎనిమిదో తరగతి చదివే ఒకమ్మాయి నోటు పుస్తకం పేజీని స్కేలుతో నిలువుగా రెండుగా గీసి, ఎడమ వైపు "ఇలా ఉండొచ్చు", కుడి వైపు "ఇలా కూడా ఉండొచ్చు" అని శీర్షికలు పెట్టుకుంటుంది. లెక్కలోని ఒక్కో వాక్యాన్నీ రెండు వైపులా వేసి చూసి టిక్కు కొడుతుంది. రెండు వైపులా టిక్కులన్నీ పడి, అడిగిన జవాబు మాత్రం వేరుగా వస్తే కింద గీత గీసి "చాలదు" అని రాస్తుంది. కుడి వైపు ఒక్క టిక్కు పడకపోయినా చెరిపి మళ్లీ మొదలుపెడుతుంది. ఇప్పుడు మా పిల్లలందరిదీ అదే పద్ధతి.

తెలియనివి ఎన్ని ఉంటే అన్ని సమీకరణాలు ఉండాలి, అంతే కదా?

అది మంచి గుర్తే గానీ నియమం కాదు. రెండు వైపులా తప్పుతుంది.

ముందు, సమీకరణాలు సరిపడా ఉన్నా జవాబు రాని లెక్క. "తండ్రీకొడుకుల వయసుల మొత్తం 50. ఐదేళ్ల తర్వాత మొత్తం 60. ఎవరి వయసెంత?" తెలియనివి రెండు, వాక్యాలు రెండు. కానీ ఐదేళ్లు గడిస్తే ఇద్దరికీ చెరో ఐదు పెరిగి మొత్తం 10 పెరగడం ఎలాగూ జరిగేదే. రెండో వాక్యం కొత్తగా చెప్పిందేమీ లేదు. 40, 10 సరిపోతుంది. 38, 12 కూడా సరిపోతుంది. అదే లెక్కలో "ఐదేళ్ల తర్వాత మొత్తం 55" అని ఉంటే అసలు ఏ జవాబూ ఉండదు, ఎందుకంటే రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పిల్లలు ఈ రెండిటినీ కలిపేసి "రాదు" అనేస్తారు. మొదటిదానికి జవాబులు లెక్కలేనన్ని, రెండోదానికి ఒక్కటీ లేదు. పదో తరగతిలో రేఖీయ సమీకరణాల జతకు గుణకాల నిష్పత్తులు పోల్చమనేది ఇందుకే. మూడు నిష్పత్తులూ సమానమైతే అనంత సాధనలు. చరరాశుల గుణకాల నిష్పత్తులు రెండూ సమానమై, స్థిర పదాలది వేరైతే సాధన లేదు.

ఇక రెండో వైపు. సమీకరణం ఒక్కటే ఉన్నా జవాబు ఒక్కటే వచ్చే లెక్క. అనకాపల్లి మార్కెట్లో ఒక వ్యాపారి దగ్గర 10 కిలోల బెల్లం దిమ్మలు కొన్ని, 14 కిలోలవి కొన్ని ఉన్నాయి. మొత్తం 96 కిలోలు. ఏవి ఎన్ని? 10 కిలోలవి క, 14 కిలోలవి గ అనుకుంటే 5క + 7గ = 48. దిమ్మని ముక్క కొట్టి లెక్కపెట్టం, కాబట్టి రెండూ పూర్ణ సంఖ్యలే. 48లోంచి 7, 14, 21, 28 ఇలా తీసేస్తూ పోతే 41, 34, 27, 20, 13, 6 మిగులుతాయి. వీటిలో 5తో భాగం పోయేది 20 ఒక్కటే. గ = 4, క = 4. ఇంకో జవాబుకి చోటే లేదు.

చందువల లెక్కకీ దీనికీ తేడా అదే. ఏం కొన్నారో చూడండి: తూచి ఇచ్చేదా, లెక్కపెట్టి ఇచ్చేదా? మనుషులు, బళ్లు, నోట్లు, టికెట్లు, దిమ్మలు సగాల్లో ఉండవు. ఆ మాట లెక్కలో రాసి ఉండదు గానీ అదీ ఇచ్చిన సమాచారమే.

ఇంకొక్క మాట. "రెండు వరుస సంఖ్యల లబ్ధం 156" అంటే సమీకరణం చక్కగా కుదురుతుంది, కానీ 12, 13 ఒక జవాబు, −13, −12 ఇంకో జవాబు. సహజ సంఖ్యలని చెబితేనే ఒక్కటి మిగులుతుంది.

మూడు ధరలు తెలియవు, బిల్లులు రెండే ఉన్నాయి. ఇది వదిలెయ్యాలా?

ఏం అడిగారో చూడకుండా వదలొద్దు. జగదాంబ దగ్గర ఒక టిఫిన్ బండి. 3 ప్లేట్ల ఇడ్లీ, 7 గారెలు, 1 టీ కలిపి 175 రూపాయలు. 4 ప్లేట్ల ఇడ్లీ, 10 గారెలు, 1 టీ కలిపి 235 రూపాయలు. ఒక ప్లేటు ఇడ్లీ, ఒక గారె, ఒక టీ కలిపి ఎంత?

విడివిడి ధరలు ఎప్పటికీ తేలవు. ఇడ్లీ 30, గారె 10, టీ 15 అయినా రెండు బిల్లులూ సరిపోతాయి. ఇడ్లీ 24, గారె 12, టీ 19 అయినా సరిపోతాయి. కానీ లెక్క అడిగింది విడివిడి ధరలు కాదు. మొదటి బిల్లుని మూడింతలు చేసి, అందులోంచి రెండో బిల్లుని రెండింతలు చేసి తీసేయండి. ఇడ్లీ 9 − 8, గారెలు 21 − 20, టీ 3 − 2. మిగిలింది సరిగ్గా ఒక్కోటి ఒక్కోటి! 525 − 470 = 55 రూపాయలు. పైన చెప్పిన రెండు ధరల జాబితాలూ కూడి చూడండి, రెండిటికీ 55 వస్తుంది.

ఈ లెక్క నాకు చాలా ఇష్టం. అన్నీ తెలిస్తేగానీ ఏదీ తెలియదనుకునే పిల్లలకి ఇది కళ్లు తెరిపిస్తుంది. సరిపోతుందా లేదా అన్న ప్రశ్న లెక్క మొత్తానికి వెయ్యకూడదు, చివర అడిగిన దానికి వెయ్యాలి.

దూరం ఇవ్వకుండా సగటు వేగం అడిగారు. తప్పు ప్రశ్నేనా?

కాదు. విశాఖ నుంచి భీమిలికి స్కూటర్ మీద గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 20 కిలోమీటర్ల వేగంతో తిరిగొస్తే సగటు వేగం 24. వెళ్లే దూరం 60 అనుకోండి: పోను 2 గంటలు, రాను 3 గంటలు, మొత్తం 120 కిలోమీటర్లకి 5 గంటలు. దూరం 30 అనుకున్నా 60 కిలోమీటర్లకి రెండున్నర గంటలే. అదే 24. దూరం పైనా కిందా ఉండి కొట్టేసుకుపోతుంది. (25 రాసే వాళ్లే ఎక్కువ. తక్కువ వేగంతో ఎక్కువసేపు నడిపామన్న సంగతి అక్కడ మరిచిపోతారు.)

"అదే దారిలో" అన్న మాట తీసేస్తే మాత్రం నిజంగానే చాలదు. బీచ్ రోడ్డు మీదుగా వెళ్లి ఆనందపురం మీదుగా తిరిగొస్తే దూరాలు వేరు కదా. ఒక పంపు ట్యాంకుని 3 గంటల్లో, ఇంకోటి 6 గంటల్లో నింపితే రెండూ కలిసి 2 గంటల్లో నింపుతాయనే లెక్కలోనూ ట్యాంకు ఎన్ని లీటర్లదో అక్కర్లేదు, కారణం ఇదే.

లెక్కలో రాయకుండా మనకి తెలుసని వదిలేసేవి ఏవి?

త్రిభుజం అన్నారంటే కోణాల మొత్తం 180 అని ఇచ్చినట్టే. "ఒక కోణం రెండోదానికి రెట్టింపు, మూడోది రెండోదానికంటే 20 డిగ్రీలు ఎక్కువ" అంటే 180 వాడగానే 80, 40, 60 వచ్చేస్తాయి. వారానికి 7 రోజులు, రెండంకెల సంఖ్య అంటే 10ప + ఒ (ప పదుల అంకె, ఒ ఒకట్ల అంకె), అందరికీ ఏడాదికి ఒక్కో ఏడే పెరగడం, ఇవన్నీ అలాంటివే. పడవ లెక్కల్లో ప్రవాహం వేగం మారదనీ, పని లెక్కల్లో మనిషి రోజూ ఒకేలా పని చేస్తాడనీ కూడా అనుకుంటాం.

చాలదని తేలింది. ఖాళీగా వదిలెయ్యాలా?

అస్సలు వద్దు. ఒక్క జవాబు లేనంత మాత్రాన ఏమీ తెలియదని కాదు.

బస్సు కండక్టర్ దగ్గర 10, 20 రూపాయల నోట్లు కలిపి 25 ఉన్నాయి, రెండు రకాలూ ఉన్నాయి. మొత్తం ఎంత? తేలదు. కానీ 20 నోటు ఒక్కటే ఉంటే 260, 10 నోటు ఒక్కటే ఉంటే 490. జవాబు ఆ మధ్యలోనే ఉంటుంది, అదీ పదుల్లోనే. అంటే 24 జవాబులకి వీలుంది, ఇరవై ఐదోది లేదు. ఎవరైనా 355 అన్నా, 500 అన్నా తప్పని అప్పుడే చెప్పేయొచ్చు.

శాతాల్లో కూడా ఇంతే. ఒక బడిలో అబ్బాయిల్లో 60 శాతం, అమ్మాయిల్లో 80 శాతం పాసయ్యారు. మొత్తం మీద ఎంత శాతం? చాలామంది 70 అంటారు. అబ్బాయిలూ అమ్మాయిలూ సమానంగా ఉంటేనే 70. 100 మందిలో అబ్బాయిలు 90 మంది ఉంటే 54 మంది, అమ్మాయిల్లో 8 మంది, మొత్తం 62 శాతం. కచ్చితంగా చెప్పగలిగేది 60కి 80కి మధ్య అని మాత్రమే. పేపర్లో వచ్చే అంకెలు చదివేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

ఓడలో గొర్రెలు, మేకలు ఇచ్చి కెప్టెన్ వయసు అడిగే లెక్క నిజంగా ఉందా?

ఉంది. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలకి "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" అని ఇచ్చారు. 97 మందిలో 76 మంది ఉన్న అంకెల్ని ఎలాగోలా కలిపి జవాబు రాశారు. 2018లో చైనాలోని సిచువాన్‌లో ఒక జిల్లాలో ఐదో తరగతి పరీక్షలోనూ ఇదే లెక్క వచ్చి ప్రపంచమంతా చర్చ జరిగింది. పిల్లలు సొంతంగా ఆలోచిస్తారో లేదో చూడటానికే ఇచ్చామని అక్కడి విద్యాశాఖ చెప్పింది.

ఆ పిల్లలు తెలివి తక్కువ వాళ్లు కాదు. బడిలో ఇచ్చిన ప్రతి లెక్కకీ జవాబు ఉంటుంది, ఇచ్చిన ప్రతి అంకెనీ వాడాలి అని ఏళ్ల తరబడి మనమే నేర్పాం. 26 + 10 = 36 అంటే కెప్టెన్‌కి తగిన వయసే వచ్చింది, ఇంకేం అనుమానం వస్తుంది? మన ఓడరేవు చూసిన పిల్లలకి ఇదే లెక్క ఇచ్చి చూడండి, ఏం చేస్తారో గమనించండి. కానీ 36 అన్నారని మాత్రం నవ్వొద్దు. "గొర్రె ఒకటి ఎక్కువైతే కెప్టెన్‌కి ఏడాది పెరుగుతుందా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి, చాలు.

పాతకాలంలో మనవాళ్లు ఇలాంటి లెక్కలు చేశారా?

చేశారు, అదీ గొప్పగా. 499 నాటి ఆర్యభటీయంలోనే పూర్ణ సంఖ్యల జవాబులు రాబట్టే కుట్టకం అనే పద్ధతి ఉంది. తర్వాతి గణితవేత్తలు తెలియని రాశుల్లో మొదటిదాన్ని యావత్తావత్ (ఎంతో అంత) అనీ, మిగతావాటిని కాలక, నీలక, పీతక అంటూ రంగుల పేర్లతోనూ పిలిచి, మొదటి అక్షరాలు యా, కా, నీ, పీ గుర్తులుగా వాడేవారు. నేను ర, చ అని రాసేది ఆ దారిలోనే.

9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణిత సార సంగ్రహంలో ఒక పక్షుల లెక్క ఉంది. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగులోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడూ ఇదే లెక్క ఇచ్చాడు. 5 పావురాలు 3 పణాలు (పణం అంటే పాతకాలపు నాణెం), 7 సారస పక్షులు 5 పణాలు, 9 హంసలు 7 పణాలు, 3 నెమళ్లు 9 పణాలు. రాకుమారుడి వినోదానికి 100 పణాలకి 100 పక్షులు తేవాలి.

పావురాల జట్లు (ఒక జట్టుకి 5) ప, ఇలాగే సారసాలవి (జట్టుకి 7) స, హంసలవి హ, నెమళ్లవి న అనుకుందాం. పక్షుల లెక్క 5ప + 7స + 9హ + 3న = 100, పణాల లెక్క 3ప + 5స + 7హ + 9న = 100. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ప + స + హ = 3న. దాన్ని మొదటి దాంట్లో వాడితే 9న + స + 2హ = 50. కాబట్టి న 5 దాటదు. స + 2హ ఎంత పెరిగినా 6న దాటదు కాబట్టి 15న కనీసం 50 ఉండాలి, అంటే న 4కి తగ్గదు. నాలుగు తెలియని రాశులతో మొదలైన లెక్క "నెమళ్ల జట్లు నాలుగా, ఐదా" అన్న దగ్గరికి వచ్చేసింది! న = 4 తీసుకుంటే 15 పావురాలు, 28 సారసాలు, 45 హంసలు, 12 నెమళ్లు ఒక జవాబు. ప్రతి రకం కనీసం ఒక జట్టు ఉండాలంటే మొత్తం ఆరు జవాబులే. మిగతా ఐదూ మీరే రాబట్టండి, ఒక సాయంత్రం హాయిగా గడిచిపోతుంది.

పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తే ఏం రాయాలి?

ముందు ప్రశ్నని మళ్లీ చదవాలి. పక్కన బొమ్మ ఉందేమో, పై భాగంలో ఇచ్చిన అంకె ఈ భాగానికీ వర్తిస్తుందేమో చూడాలి. ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఉంటే రెండోదీ చదవండి. అనువాదంలో "అదే", "వరుస", "రెట్టింపు" లాంటి మాటలు జారిపోవడం నేను చాలాసార్లు చూశాను. 2020 తర్వాత మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉంటున్నాయి కాబట్టి ఇంట్లో కూడా ఇలా సరిచూసుకోవచ్చు.

అప్పటికీ తేలకపోతే ప్రశ్న నంబరు వేసి, సమీకరణం దాకా రాసి, "ఇది పూర్ణ సంఖ్య అనుకుంటే" లేదా "దారి ఒకటే అనుకుంటే" అని మీ ఊహని స్పష్టంగా రాసి ముగించండి. ప్రశ్న తప్పని తేలినప్పుడు ప్రయత్నించిన వాళ్లకి మార్కులు కలిపిన సందర్భాలున్నాయి. వదిలేసిన వాళ్లకి అవి రాకపోవచ్చు.

ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) లాంటి పరీక్షల్లో డేటా సఫిషియెన్సీ అంటే ఇదేనా?

ఇదే. ప్రశ్న, దాని కింద రెండు వాక్యాలు ఉంటాయి. జవాబు కనుక్కోమని కాదు, ఏ వాక్యం చాలుతుందో చెప్పమంటారు. "క ఎంత? ఒకటి: క వర్గం 16. రెండు: క ధన సంఖ్య." రెండూ కలిస్తేనే చాలుతుంది. రెండో వాక్యం ఒక్కదాన్నే చూసేటప్పుడు మొదటిదాన్ని చేత్తో మూసేయండి, ఎక్కువ మంది పొరబడేది అక్కడే. అవునా కాదా అని అడిగినప్పుడు కచ్చితంగా "కాదు" అని తేలినా చాలినట్టే.

ఫోన్లో యాప్‌కి ఫొటో తీసి పెడితే జవాబు వచ్చేసింది. అంటే చాలినట్టే కదా?

యాప్ ఏం ఊహించుకుందో చూడాలి. మధ్య మెట్లలో లెక్కలో లేని అంకెగానీ షరతుగానీ కనిపిస్తే ఆ జవాబు మీ లెక్కది కాదు.

ఇంట్లో సాధన ఎలా చేయించాలి?

పుస్తకంలోని లెక్క ఒకటి తీసుకుని అందులో ఒక వాక్యం మీద వేలు పెట్టి మూసేయండి. "ఇప్పుడు వస్తుందా? రాకపోతే నన్ను ఒక్క ప్రశ్న అడగొచ్చు, ఏం అడుగుతావు?" అనండి. పిల్లలు మొదట్లో జవాబే అడిగేస్తారు. కొన్నాళ్లకి "మొత్తం ఎన్ని బళ్లండీ?" అని సరిగ్గా కావలసిన ముక్కే అడుగుతారు.

మొదలుపెట్టడానికి మూడు లెక్కలు. ఋషికొండ పార్కింగ్‌లో కార్లు, స్కూటర్లు కలిపి 40 చక్రాలున్నాయి, కార్లెన్ని? ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సింహాచలం వెళ్లే 28 నంబరు బస్సులో పెద్దలు, పిల్లలు కలిపి 7 మందికి 165 రూపాయలైంది. పెద్దల టికెట్ 30, పిల్లలది 15 అయితే పెద్దలెందరు? భీమిలి తీరంలో అన్నదమ్ములు గవ్వలు ఏరారు; అన్న దగ్గర తమ్ముడి కంటే 10 ఎక్కువ ఉన్నాయి, అన్న ఎన్ని ఇస్తే ఇద్దరికీ సమానమవుతాయి?

మొదటిదానికి చాలదు. రెండు రకాలూ ఉన్నాయంటే కార్లు 1 నుంచి 9 దాకా ఎన్నయినా కావచ్చు. "మొత్తం 13 బళ్లు" అంటే కార్లు 7. రెండోదానికి చాలుతుంది, పెద్దలు నలుగురు. మూడోదానికి ఎవరి దగ్గర ఎన్ని గవ్వలున్నాయో ఎప్పటికీ తెలియదు, ఇవ్వాల్సినవి మాత్రం 5.